మధ్యలో పుట్టించిన ముఖం

ప్రియమైన సొరంగం దొరగారికి,

ఉత్తరం అందింది. మీ కొండ మీద ఫోన్ పనిచేయకపోవడం వల్ల నాకు కలిగిన మేలు ఒక్కటే, మీ చేతిరాత చూడగలగడం. పెళ్లికి ముందే ఇలా రాసి ఉంటే, మా నాన్నను ఒప్పించడానికి అంత కాలం పట్టేది కాదు.

ఇక్కడ మన చిట్టీ, నేనూ బాగానే ఉన్నాం. బాగానే అంటే అలసిపోయి బాగానే. నాకు మెడ పట్టేసింది. చిట్టికి లెక్కల టీచర్ నచ్చలేదు, ఆ టీచర్‌కు చిట్టి నచ్చలేదు. ఆ యుద్ధం సాగుతోంది.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని నువ్వు చేసేదేమిటో నాకు అర్థమయ్యేలా ఒక్కసారి చెప్పు అని అడిగారు. సరే, వినండి. ఈ వారం ఒక పళ్ల డాక్టర్‌గారి ప్రకటన చేస్తున్నాను. తెర మీద ఒక పన్ను బొమ్మ ఎడమ పక్క నుంచి వచ్చి మధ్యలో ఆగాలి. అంతే పని. మొదట అది ఒకే వేగంతో వచ్చి టక్కున ఆగింది. చూసిన వాళ్లకు కారణం తెలియదు గానీ ఏదో బాగోలేదనిపిస్తుంది. కొత్త డ్రైవర్ బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డ వాళ్లంతా ముందుకు తూలతారు చూడండి, కంటికీ అలాగే అవుతుంది. అందుకని బయలుదేరేటప్పుడు మెల్లగా, మధ్యలో జోరుగా, ఆగబోయే ముందు మళ్లీ మెల్లగా వెళ్లేలా సరిచేస్తాను. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో నేను గుర్తు పెడితే నడుమ కదలికను కంప్యూటర్ వేసుకుంటుంది. ఆ నడుమ భాగాన్ని కుదుపు లేకుండా తీర్చినందుకే నాకు జీతం.

ఇంకో పని, ఒక దృశ్యంలోంచి ఇంకో దృశ్యంలోకి దాటించడం. ఒకటి కరిగిపోతుండగా రెండోది తేలాలి, లేదా ఒకదాంట్లో చెయ్యి ఎత్తితే రెండోదాంట్లో ఆ చెయ్యి దించాలి. అతుకు కనబడితే మా స్టూడియో ఆయన వెనక నిలబడి గొంతు సవరించుకుంటాడు. "నున్నగా ఉండాలమ్మా, నున్నగా" అంటాడు. నున్నగా అన్న మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మండుతోంది.

సెలవు సంగతి తేల్చండి. ఇక్కడ మా ఇద్దరికీ కళ్లు కాయలు కాస్తున్నాయి.

ఇట్లు,
పళ్లతో పోరాడుతున్న మీ ఇల్లాలు

*

ప్రియమైన కత్తెరమ్మకు,

నీ పాఠం అర్థమైంది. మాకు కొత్తగా వచ్చిన లోడర్ డ్రైవర్‌కు కూడా చదివి వినిపించాను. బండి మెల్లగా కదిలించి మెల్లగా ఆపమని మా ఆవిడ చెప్పిందన్నాను. వాడు నిన్ను చాలా పెద్ద ఇంజనీర్ అనుకుంటున్నాడు. అలాగే అనుకోనీ.

నా పని నీకు తెలిసిందే. తవ్వేవాళ్లు ముందుకు పోతుంటే వాళ్ల వెనకే గాలి గొట్టం పొడిగించుకుంటూ పోవాలి. ఇద్దరు కుర్రాళ్లు నాకు సాయం. లోపల నీళ్లు కారుతూనే ఉంటాయి. బట్టలు ఆరవు, బూట్లు ఆరవు, మనిషే ఆరడు. పొద్దున లోపలికి పోయి సాయంత్రం బయటికొస్తే వెలుతురు కళ్లలో గుచ్చుకుంటుంది. మొన్న పగలు భోజనాల దగ్గర కూర్చునే నిద్రపోయానట, చేతిలో గిన్నె పట్టుకుని. వంటాయన గిన్నె లాక్కుని, తల కింద సంచి పెట్టాడట. నాకేమీ తెలియదు.

సెలవు ఇచ్చారు. వచ్చేవారం సామాన్ల బండి దిగేటప్పుడు దాంట్లోనే కొండ దిగి, బస్సెక్కి వస్తాను. చిట్టికి చెప్పు, లెక్కల టీచర్‌తో సంధి నేను కుదురుస్తాను. నీకు చెప్పేది ఒక్కటే, నాకోసం ప్రత్యేకంగా ఏమీ చేయకు. ఆరిన పక్క ఒకటి వేసి ఉంచు. వచ్చి పడుకుంటాను. నువ్వు పక్కన కూర్చుని పళ్ల డాక్టర్‌ను తిట్టుకుంటూ ఉంటే వింటూ నిద్రపోతాను.

ఇట్లు,
తడిసిన నీ దొర

*

ప్రియమైన మీకు,

బస్టాండ్‌లో సాయంత్రం దాకా కూర్చున్నాం. చిట్టి ప్రతి బస్సు దగ్గరికీ పరిగెత్తి, దిగేవాళ్ల ముఖాలు చూసి వెనక్కి వచ్చింది. చివరికి పరిగెత్తడం మానేసి నా ఒళ్లో తల పెట్టుకుంది. బస్సు ఏమీ తప్పు చేయలేదు గానీ ఇంటికొచ్చే దారిలో దాన్ని చాలా తిట్టింది.

మర్నాడు మీ కంపెనీ ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. వానలకు దారి మూసుకుపోయిందట, సెలవులన్నీ ఆగాయట. చెప్పినాయన ఎవరో చాలా మర్యాదగా మాట్లాడాడు. నేను అడగకుండానే "అందరూ క్షేమమేనండీ" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ మాట దగ్గరే ఆగిపోయాను. అడగని దానికి జవాబెందుకు చెప్పాడా అని.

మీ చేత్తో ఒక్క ముక్క రాయండి. వాన ఎంత పడిందో రాసినా చాలు. పక్క వేసే ఉంచాను, తీయలేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు

*

ప్రియమైన ఇంటావిడకు,

ఈ అక్షరాలు నావి కావు. నేను చెబుతుంటే వంటాయన రాస్తున్నాడు. గొట్టం బిగిస్తుంటే వేలికి చిన్న దెబ్బ తగిలింది. కట్టు కట్టారు. పెన్ను పట్టుకోవడం కుదరడం లేదు. కంగారు పడాల్సింది ఏమీ లేదు.

వానలు బాగా పడ్డాయి. దారి బాగుచేస్తున్నారు. సెలవు మళ్లీ అడుగుతాను. ఇక్కడ అంతా బాగుంది. చిట్టిని చదువుకోమని చెప్పు. బెంగ పెట్టుకోకు.

ఇట్లు,
నీ భర్త

*

ప్రియమైన దొరగారికి,

వంటాయనకు నా నమస్కారం చెప్పండి. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. ఉత్తరంలో ఒక్క హాస్యం కూడా లేకపోతే, వంటాయన ముందు సిగ్గుపడ్డారనుకుని సర్దుకున్నాను. "నీ భర్త" అని సంతకమేమిటండీ, కోర్టు కాగితంలా? వేలు నయమయ్యాక మళ్లీ సరిగ్గా రాయండి.

ఒక విశేషం. మీ కొండ ఇప్పుడు నా తెర మీద ఉంది. మీ కంపెనీ వాళ్లు కార్మికులకు చూపించడానికి జాగ్రత్తల మీద ఒక సినిమా చేయిస్తున్నారు. తిరిగి తిరిగి ఆ పని మా స్టూడియోకే వచ్చింది. చిత్రీకరణకు బయట నుంచి ఒక పొడుగాయనను పిలిపించారట. ఆయన కొండకు వెళ్లి తీసి తెచ్చాడు. నిన్నటి నుంచి ఆ పనే చేస్తున్నాను.

ముందు కొండ పటం వచ్చింది. దాంట్లో సొరంగం గీత ఒక వైపు నుంచి మొదలై అవతలి వైపుకు పారాలి. తవ్వేవాళ్లు నెలల తరబడి పడుతున్న పాట్లన్నీ ఒక గుటక వేసేలోపు అయిపోవాలి. ఎంత నెమ్మదిగా కదిలించినా నాకు మరీ తొందరగా పోయినట్టే ఉంది. స్టూడియో ఆయనకు మాత్రం బద్ధకంగా ఉందట. రెండు రోజులుగా ఆ గీతతో నా తల ప్రాణం తోకకు వస్తోంది. కళ్లు మూసుకున్నా ఎర్ర గీత కొండలోకి దూరుతూనే ఉంది.

మనుషులతో మాట్లాడించిన భాగం రేపు తెరుస్తాను. వాళ్లలో మీరు ఉంటారేమోనని ఆశ. ఇన్ని నెలలైంది మిమ్మల్ని చూసి. ఉంటే, స్టూడియో ఆయనను బతిమాలి చిట్టిని తీసుకెళ్లి చూపిస్తాను. కెమెరా ముందు కాస్త నవ్వారా, లేక అక్కడా కోర్టు కాగితమేనా?

ఇట్లు,
మీ కొండను తవ్వుతున్న ఇల్లాలు

*

ప్రియమైన కత్తెరమ్మకు,

ఇది నేనే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు, వేలు ఇంకా కుదురుకోలేదు.

ఒక మాట విను. ఆ సినిమా పని నువ్వు చేయకు. వేరే ఎవరికైనా ఇవ్వమని చెప్పు. మెడ నొప్పి అంటున్నావు కదా, సెలవు పెట్టు. ఆ పొడుగాయన వచ్చినప్పుడు నన్ను కూడా కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఏం చెప్పానో నాకే సరిగా గుర్తులేదు. అలసటలో మనిషి ఏవేవో అంటాడు. అవి పట్టించుకోవాల్సినవి కావు. చిట్టిని మాత్రం తీసుకెళ్లకు.

ఆ సినిమా నీ స్టూడియోకు వస్తుందని కల్లో కూడా అనుకోలేదు. ఊళ్లో ఇన్ని స్టూడియోలు ఉన్నాయి.

ఈ ఉత్తరం చేరేసరికి ఆలస్యమైపోతుందేమో. బండి ఇప్పుడే కదులుతోంది, ఆపి ఇస్తున్నాను.

ఇట్లు,
నీవాడు

*

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అందేటప్పటికే చూసేశాను.

మొదట మిమ్మల్ని గుర్తుపట్టలేదు. సొరంగం ముందు బోర్లించిన పెట్టె మీద ఎవరో కూర్చున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి. హెల్మెట్ సర్దుకోవడానికి చెయ్యి ఎత్తారు, అప్పుడు తెలిసింది. బొమ్మను ఆపి కాసేపు అలాగే చూశాను. చిట్టిని వెంట తేనందుకు ఊపిరి పీల్చుకున్నాను.

జాగ్రత్తల సామాన్లు ఇచ్చారా అని పొడుగాయన అడిగాడు. పాఠం అప్పజెప్పే పిల్లాడిలా "అన్నీ ఇచ్చారండీ" అన్నారు. తర్వాత ఆగారు. నేల చూశారు. ఏం చెప్పారో గుర్తులేదని రాశారు కదా, ఎన్నిసార్లు విన్నానో, నాకు కంఠతా వచ్చేసింది.

"హెల్మెట్ ఉంది, దీపం ఉంది. కానీ ఆ రోజు వెనకాల కప్పు కూలి మేం ముగ్గురం లోపల ఉండిపోయాం. బ్యాటరీ మిగులుతుందని దీపాలు ఆర్పేసి కూర్చున్నాం. ఒక కుర్రాడి కాలు రాయి కింద ఇరుక్కుంది. వాడు అరిచినంతసేపు బాగానే ఉన్నాను. వాడు అరవడం మానేశాక భయమేసింది. మమ్మల్ని బయటికి తీశారు, వాడూ బతికాడు. ఇప్పుడు మళ్లీ లోపలికి పోవాలంటే కాళ్లు రావడం లేదండీ. పోతున్నాను, కానీ రావడం లేదు. పెన్ను పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. ఇంట్లో చెప్పలేదు."

ఆ తర్వాత గొంతు మార్చి, "ఇక్కడ అన్ని జాగ్రత్తలూ తీసుకుంటారు, భయం లేదు" అన్నారు.

స్టూడియో ఆయన వచ్చి, ఈ మనిషి మాటల్లో మధ్య ముక్క తీసేయాలని చెప్పాడు. పని ఇచ్చిన పార్టీ వద్దందని పొడుగాయన మరీ మరీ చెప్పి వెళ్లాడట. మొదటి మాటను తిన్నగా చివరి మాటకు కలపాలి, అతుకు తెలియకూడదు.

చేశాను. చెయ్యి అలవాటుగా చేసుకుపోయింది. ఆగితే ఏడుస్తానని ఆగలేదు. మీరు రెప్ప వేసిన చోటు చూసి కోశాను. రెప్ప తెరిచిన చోట కలిపాను. అయినా తల ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఎగురుతోంది. అలాంటప్పటికి సాఫ్ట్‌వేర్‌లో ఒక ఏర్పాటు ఉంది. ముందు ముఖాన్నీ తర్వాతి ముఖాన్నీ చూసుకుని, నడుమ ముఖాలను అదే పుట్టిస్తుంది. అదీ పెట్టాను. ఆడించి చూస్తే ఎవరికీ తెలియదు. మనిషి ఒక్క ఊపిరిలో మాట్లాడినట్టే ఉంది. స్టూడియో ఆయన వెనక నుంచి "వెన్న రాసినట్టుందమ్మా" అన్నాడు.

ఆయన అటు వెళ్లాక ఒక్కొక్క బొమ్మే ఆపి చూశాను. నడుమ ఒక ముఖం ఉంది. మీ కళ్లు, మీ ముక్కే. నోరు తెరిచీ లేదు, మూసీ లేదు. ఏ దిగులూ లేని ముఖం, సరిగ్గా మీరు చీకట్లో కూర్చున్న సంగతి చెప్పిన చోట. ఇన్నేళ్లు మీతో కాపురం చేశాను, ఆ ముఖం మీరు ఎప్పుడూ పెట్టలేదు. అలా పుట్టించిన ముఖాలన్నీ చెరిపేశాను.

ఆయన దగ్గరికి వెళ్లి, "మాటలు తీసేస్తాను. అతుకు దాచడం మాత్రం నా వల్ల కాదు" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు, తెర చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మీ ఆయనా అమ్మా?"

తల ఊపాను. ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తీయమన్నది మాటలు, మాటలు తీశాం, బొమ్మ ఎగిరితే ఎగరనీ అన్నాడు. అలాగే పంపేశాం. మీ ముఖం దగ్గర సినిమా ఒక్కసారి కుదుపు తింటుంది. చూసే వాడెవడైనా ఇక్కడ ఏదో పోయిందని అనుకుంటాడు.

మంచి చేశానో చెడ్డ చేశానో తెలియదు. పంపాక భయం పట్టుకుంది. మీ మీద పడతారేమో, ఉద్యోగం తీసేస్తారేమో. ఎవరైనా అడిగితే మా ఆవిడకు పని రాదని చెప్పండి.

కోపం లేదని రాస్తే అబద్ధం. దారి మూసుకుపోయిందన్నారు, వేలికి దెబ్బన్నారు. నేను స్టూడియోలో చేసే పనే మీరు నాకు ఉత్తరాల్లో చేశారు. నున్నగా చేశారు, నేనూ నమ్మాను. కప్పు కూలినందుకు కాదు నా ఏడుపు. ఆ పొడుగాయన ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి, ఆయనకు చెప్పగలిగిన మాట నాకు చెప్పలేకపోయారే అని.

అలసిపోయానండీ. ఇంకేం రాయను.

ఇట్లు,
మీ ఇల్లాలు

*

ప్రియమైన కత్తెరమ్మకు,

సినిమా వచ్చింది. పొద్దున డ్యూటీకి ముందు భోజనాల గదిలో గోడ మీద వేశారు. టీ గ్లాసులతో అందరం నేల మీద కూర్చున్నాం. ఇంజనీర్‌గారు వెనక కుర్చీలో ఉన్నారు. నీ ఎర్ర గీత కొండలోంచి అలా జారిపోగానే గది గదంతా నవ్వింది. అంత సుళువుగా పోయే పనికి మనమెందుకని ఎవడో అన్నాడు.

తర్వాత నా ముఖం వచ్చింది. "అన్నీ ఇచ్చారండీ" అన్నాను. హెల్మెట్‌తో సహా తల గంతేసింది. "అన్ని జాగ్రత్తలూ" అన్నాను. మళ్లీ నవ్వారు. వీడికి మధ్యలో కరెంటు కొట్టిందిరా అన్నారు. నవ్వనిది డ్రిల్లింగ్ చేసే తాత ఒక్కడే. ఆయన నా వైపు తిరిగాడు.

"అక్కడ ఏం తీసేశారురా?"

తుమ్మొచ్చింది తాతా అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. అందరూ కంపెనీ చేయించిందనుకుని ఇంజనీర్‌గారి వైపు చూశారు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆ తీసేసిన ముక్క సంగతి ఆయనకేమీ తెలియదు.

పార్టీ వద్దందని నీకు చెప్పారు కదా. ఆ పార్టీ నేనే. కెమెరా ఆపాక పొడుగాయన చేతులు పట్టుకున్నాను. ఈ సినిమా ఎప్పుడైనా మా ఇంట్లో చూస్తారేమో, ఆ ముక్క తీయించండి అని వేడుకున్నాను. ఆ చేసేది నువ్వేనని అప్పుడు నాకు తెలియదు. ఆయన మంచివాడు, నా పేరు బయట పెట్టకుండా మాట నిలబెట్టుకున్నాడు. కంపెనీ వాళ్లు ఆ ముక్క వినను కూడా లేదు. వింటే వాళ్లూ తీయమనేవాళ్లేమో, అది వేరే సంగతి. నీ నుంచి దాచమన్నది నేను. దాచనన్నది నువ్వు.

ఆ పూట నీ మీద కోపం వచ్చింది. నన్ను అందరి ముందూ నిలబెట్టావు కదా అని. అయినా లేచాను. కెమెరా ముందు చెప్పిందంతా చెప్పాను. ఇంకాస్త ఎక్కువే చెప్పాను. కుర్రాడు అరవడం మానేసినప్పుడు వాడి నోటి దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూడాల్సిందిపోయి, చూడ్డానికి భయపడి నా చెయ్యి నేనే పట్టుకుని కూర్చున్నాను. అది కూడా చెప్పాను.

ఎవరూ నవ్వలేదు. మాతో ఉన్న రెండో కుర్రాడు లేచి, ఇప్పటికీ దీపం ఆర్పితే నిద్ర పట్టడం లేదన్నాడు. ఇన్నాళ్లూ వాడు పడుకునే గదిలోనే నేనూ పడుకుంటున్నాను. దీపం వాడికి అలవాటనుకున్నాను. తాత గ్లాసు కింద పెట్టి, తన కాళ్లు ఎప్పుడో రావడం మానేశాయని, అడిగినవాడు లేడని అన్నాడు.

ఇంజనీర్‌గారు కుర్చీలోంచి లేచారు. తర్వాత సినిమా ఆపించి, లోపలికి పోలేనివాళ్లు ఉంటే పక్కకు రండి, ఎవరినీ ఏమీ అనను అన్నారు. ముందు ఎవరూ కదల్లేదు. నేను కదిలాను. వెనక్కి తిరిగి చూస్తే నలుగురైదుగురు వచ్చి ఉన్నారు. తాత రాలేదు. ఈ వయసులో ఇంక వేరే పని ఎవడిస్తాడన్నాడు. అది నన్ను ఇంకా తొలుస్తోంది.

కింద నుంచి డాక్టర్‌గారిని పిలిపించారు. ఇది పిరికితనం కాదు, జబ్బే, కుదుటపడటానికి కాలం పడుతుందన్నారు. మాకు సెలవు రాశారు. తిరిగి వచ్చాక సొరంగం బయట ఫ్యాన్ల దగ్గర పని చూస్తానని ఇంజనీర్‌గారు అన్నారు. మాట ఇవ్వలేనని కూడా అన్నారు. ఎలా అవుతుందో నాకు తెలియదు. ఇప్పుడు దాని గురించి ఆలోచించే ఓపిక లేదు.

ఈ ఉత్తరం పంపడం లేదు. బండిలో నాతోపాటే తెస్తున్నాను. ఎదురుగా నిలబడితే "ఏం లేదు, బాగానే ఉన్నాను" అనేస్తానని నాకు తెలుసు. అందుకే ముందే రాసుకున్నాను. తలుపు తీయగానే నీ చేతిలో పెడతాను. నువ్వు లోపల చదువుకో. నేను మెట్ల మీద కూర్చుంటాను. చదివాక ఏమీ అడగకు. వచ్చి పక్కన కూర్చో.

ఇట్లు,
బయట మెట్ల మీద ఉన్న
నీవాడు